ఏడో హోల్ మీద గొర్ల మంద

గద్దల గుట్ట మీద ఏడో హోల్‌ను మొదటిసారి చూసినవాళ్లెవరైనా వెంటనే నోరు విప్పి మాట్లాడితే నా చెవి కోయించుకుంటాను. ఎల్లంతకుంట దాటి మట్టిరోడ్డు మీద గుట్టెక్కితే, ఆరో హోల్ దాకా అది మామూలు గోల్ఫ్ మైదానమే. పచ్చిక, ఇసుక గుంటలు, అక్కడక్కడా తాటిచెట్లు. ఆ తర్వాత ఒక పెద్ద బండను చుట్టి మలుపు తిరుగుతారు. అంతే, నేల అయిపోతుంది. గుట్ట నిట్టనిలువునా చీలి ఉంటుంది. ఎక్కడో అడుగున డ్యామ్ నీళ్లు. గద్దలు తల మీద కాదు, కాళ్ల కింద తిరుగుతుంటాయి. వాటి వీపులు కనిపిస్తాయి. గద్ద వీపు చూసిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకెక్కడైనా ఉన్నాడా?

ఆ చీలికను ఊరివాళ్లు లొద్ది అంటారు. ఇవతలి బండ మీద టీ అనే చదును చోట నిలబడి బంతి కొట్టాలి. అవతలి బండ మీద గ్రీన్ అనే నున్నటి పచ్చిక, దాని నడుమ జెండా, జెండా మొదట్లో బంతి పడాల్సిన గుంత. మధ్యలో గాలి తప్ప ఇంకేమీ లేదు.

ఇదంతా శశిధర్ రావు పట్టుదల. కింద పొలాలన్నీ డ్యాములో మునిగాక ఆయనకు మిగిలింది ఈ గుట్టొక్కటే. గ్రానైట్ వాళ్లు కోసుకుపోతామని వెంటపడితే, "నేను బతికుండంగ నా గుట్టను పలకలు కానియ్య" అని తరిమేశాడు. కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకుని, ఆ పిచ్చిని ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మనిషి. హైదరాబాద్‌లో పార్కులు డిజైన్ చేసే కూతురు భవ్యను పిలిపించుకున్నాడు. తండ్రీకూతుళ్లిద్దరూ గొడుగేసుకుని గుట్టంతా తిరిగి తొమ్మిది హోళ్లు గీశారు.

ఏడో దాని దగ్గర మాత్రం ఇద్దరికీ చెడింది.

"బాపూ, లొద్ది అంచు పొంటి ఒక దారి ఇడుద్దాం. దాటలేనోళ్లు చుట్టు తిరిగి అస్తరు. అందరు ఆడేటట్టుండాలె కదా ఆట" అంది భవ్య.

"దాటేటోడు ఆడుతడు. దాటనోడు నిలవడి చూస్తడు" అన్నాడాయన. "ఇసొంటి జాగ దేవుడిస్తే నువ్వు దాన్ని అగ్గువ చేస్తనంటవేంది బిడ్డా?"

ఇంకేముంది, ఆయన మాటే నెగ్గింది. లొద్ది చుట్టూ అంచంతా నడుమెత్తు బోదగడ్డి అట్లాగే ఉండిపోయింది.

ఎండాకాలంలో ఒకరోజు పొద్దున చాయ్ గ్లాసు ఆయన కుడిచేతిలోంచి జారిపడింది. పక్షవాతం. ప్రాణానికేమీ కాలేదు, మాట కూడా వచ్చింది. కానీ కుడిచెయ్యి లేవదు. కర్ర పట్టుకుని నడుస్తాడు, ఎడమచేత్తో బంతిని నాలుగు గజాలో పది గజాలో దొర్లిస్తాడు. తను కోరి కట్టించుకున్న ఏడో హోల్ దగ్గర ఆ దెబ్బ కొడితే బంతి నేరుగా గద్దల్లోకి పోతుంది. దాటనివాడు నిలబడి చూస్తాడని అన్నది తనే కదా. ఇప్పుడు చూడ్డానికి కూడా అటు పోవడం మానేశాడు.

"దసరా ఎల్లినంక ఓపెనింగ్ పెట్టుకోండ్రి. నేను ఆరో దాని దాక ఆడుత. ఆడికెల్లి ఇంటికి పోత" అన్నాడు.

భవ్య ఉండబట్టలేక, లొద్దికి అవతలి ఒడ్డున ఇంకో టీ వేస్తానంది. అక్కణ్నుంచి కొడితే లొద్దితో పనే లేదు. ఆయన ఆమె ముఖంలోకి చూసి, "నా మీద జాలితోని గీసిన గీత మీద నేను ఆడ" అన్నాడు. తర్వాత రెండ్రోజులు కూతురితో మాట్లాడలేదు. భవ్యకు ఏడుపొచ్చింది. ఓపెనింగ్‌కు ఎవరొస్తారు, పేపర్లో పడుతుందా లేదా అన్న రంధి ఆమెకు లేదు. ఆ హోల్ మీద బాపు ఒక్కసారి ఆడాలి. అంతే ఆమెకు కావలసింది. ఆయన ఒప్పుకునే దారి మాత్రం ఎంత ఆలోచించినా దొరకలేదు.

వానాకాలంలో ఉద్యోగం పని మీద హైదరాబాద్ వెళ్లి, దసరా దగ్గర పడుతుండగా తిరిగొచ్చింది. గేటు దాటి మొదటి హోల్ పచ్చిక మీద కాలు పెట్టగానే చెప్పు కింద ఏదో మెత్తగా నలిగింది. వంగి చూసింది. గొర్రె పెంటికలు! తలెత్తి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎవరో గంపలతో చల్లినట్టు, పచ్చిక నిండా అవే.

"రంజిత్!" అని ఒక్క కేక పెట్టింది.

రంజిత్ దుబాయ్‌లో ఏళ్ల తరబడి గోల్ఫ్ గడ్డి కోసి వచ్చినవాడు. ఇక్కడ కూడా గడ్డి బాధ్యత అతనిదే. తల గోక్కుంటూ వచ్చాడు.

"నేను అద్దన్న అక్కా. సారు ఇన్లే. గడ్డి తెల్లవడ్డది, బలం లేదు, మంద వెట్టియ్యాలె అన్నడు. దేవయ్య గొర్లను తోలుకచ్చిండు."

భవ్య తల పట్టుకుంది. మంద పెట్టించడమంటే కోతలైన పొలంలో గొర్రెల్ని రాత్రిళ్లు పడుకోబెట్టడం. పెంటికలు పడి పొలానికి ఎరువవుతుంది. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్న అలవాటే. కానీ గోల్ఫ్ మైదానానికి మంద పెట్టించిన మహానుభావుడు భూమ్మీద ఈయనొక్కడే అయి ఉంటాడు!

"నాకు ఫోనన్న చెయ్యకపోతివా?"

"బిడ్డకు సెప్తివా, మళ్ల దుబాయ్‌కి తోలుత అన్నడు అక్కా."

ఇల్లు గుట్ట కిందే. భవ్య విసురుగా ఇంట్లోకి వచ్చేసరికి శశిధర్ రావు ఎడమచేత్తో చాయ్ తాగుతున్నాడు.

"బాపూ, అది పొలమా, గోల్ఫ్ కోర్సా?"

"భూమి ఏదైతేంది? ఆకలి ఆకలే" అన్నాడాయన తాపీగా.

"దారి పొడుగూత డెక్కల గుంతలు! బంతి ఎట్ల దొర్లుతదనుకున్నవ్?"

"నువ్వు చూసినవా గుంతలు?"

"చూసుడు కాదు, చూపిస్త పా!"

భవ్య తల్లి జానకమ్మ వంటింట్లోంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె కోర్సు మీదికి ఒక్కసారీ వచ్చింది లేదు. లొద్ది అంచు మాట వింటేనే కాళ్లు చల్లబడతాయి. "మీ ఇద్దర్ని ఒక్కకాడ ఇడిసిపెడితే కొట్టుకుంటరు. నేను గూడ అస్త" అని బ్యాటరీ బండిలో వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. రంజిత్ బండి నడిపాడు. దారిపొడుగునా భవ్య గుంతలు చూపించడం, ఆయన "గిదేం గుంత? నీ బొటనవేలంత లేదు" అని కొట్టిపారేయడం. మూడు, నాలుగు, ఐదు, అట్లా కొట్లాడుకుంటూనే ఆరో హోల్ దాటారు. కోపంలో భవ్య గానీ మొండితనంలో ఆయన గానీ ఎటు పోతున్నామో చూసుకోలేదు. బండి బండరాయిని చుట్టి మలుపు తిరిగింది.

అందరి మాటా ఆగిపోయింది.

వానలకు డ్యామ్ నిండింది. ఎప్పుడూ ఎక్కడో అడుగున ఉండే నీళ్లు ఇప్పుడు సగం లొద్ది దాకా ఎక్కి, పొద్దుటెండలో కళ్లు చెదిరేట్టు మెరుస్తున్నాయి. దూరంగా నీళ్లకూ ఆకాశానికీ నడుమ గీత కనిపించడం లేదు. గద్దలు ఎప్పటిలాగే కాళ్ల కింద తిరుగుతున్నాయి. కానీ భవ్య చూస్తున్నది అవేవీ కాదు.

బోదగడ్డి లేదు.

బండి ఆగిన టీ పక్క నుంచి చీలిక కలిసిపోయే లొద్ది మొదలు దాకా, అక్కణ్నుంచి మళ్లీ వంకర తిరిగి అవతలి గ్రీన్ దాకా, అంచు పొడుగునా ఎడ్లబండి పట్టేంత వెడల్పున పచ్చటి దారి పడి ఉంది. మిషన్ ఎక్కని చోట, మనిషి కొడవలి పట్టుకుని నిలబడ్డానికి జంకే చోట, నున్నగా గొరిగినట్టున్న దారి. దాని మీద గొర్రెలు బారులు తీరి మేస్తున్నాయి. ఒకవైపు బండ, ఇంకోవైపు ఏమీ లేదు. నీళ్ల మీద నుంచి లేచిన గాలికి వాటి చెవులు ఊగుతున్నాయి.  ఇన్నేళ్లుగా భవ్య ఈ గుట్టను కొలిచింది, గీసింది. ఇంత అందం దాని ఒంటి మీద ఉందని ఆమెకు తెలియనే తెలియదు.

గొర్రెల నడుమ నుంచి దేవయ్య గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"తప్పయింది దొరా. బండ మీద గుంజలు దిగకపాయె. మంద చుట్టు కట్టే వల నిలవలే. పొట్టి గడ్డి ఇడిసిపెట్టి గీ బోద మీద పడ్డయి. ఎంత మలిపినా మల్లలే."

"దొర గిర అనకు" అన్నాడు శశిధర్ రావు, చూపు మాత్రం దారి మీదనే ఉంచి. 

ఆడు బాపూ అన్న మాట భవ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అంటే మళ్లీ జాలైపోతుంది, ఆయన బండెక్కి కూర్చుంటాడు.

"చూడు నువ్వు చేసిన పని!" అని గొంతు పెంచింది. "దీన్ని మళ్ల బోద ఎట్ల చెయ్యాలె?"

"ఈ దారి నువ్వేయించినవా?" అన్నాడాయన.

"నేనెందుకేయిస్త? నీ గొర్లే ఏసినయ్."

"రంజిత్?"

"నాకేం తెల్వది సార్. నేను మిషన్ గూడ ఇటు తేలే."

"అంటే నేను చేసిందే అన్నట్టు." ఆయన బండి దిగాడు. కర్రను జానకమ్మ చేతికిచ్చాడు. "ఏది, ఆ గుంతలు ఎంత లోతున్నయో చూస్త. బంతి పెట్టు."

రంజిత్ టీ మీద బంతి పెట్టి, బంతిని దొర్లించే పటర్ అందించాడు. ఎడమచేత్తో పట్టుకుని శశిధర్ రావు ఎదురుగా ఉన్న జెండా వైపు ఒకసారి చూశాడు. తర్వాత పక్కకు తిరిగి, దారి వైపు నిలబడి కొట్టాడు. బంతి పచ్చిక మీద దొర్లుతూ పోయి ఆగింది. దేవయ్య ట్రుర్ర్ ట్రుర్ర్ అని గొర్రెల్ని బండ వైపు జరిపాడు. ఆయన ఒక్కో అడుగూ వేసి బంతిని చేరుకుని మళ్లీ కొట్టాడు.

అట్లా సాగింది. ముందు ఆయన, వెనక కర్ర పట్టుకుని జానకమ్మ, ఆమె వెనక భవ్య, రంజిత్.  బంతి చప్పుడు, గాలి చప్పుడు, ఎప్పుడైనా ఒక గొర్రె అరుపు.

లొద్ది మొదట్లో దారి వంకర తిరిగే చోట నేల నీళ్ల వైపు వాలి ఉంది. అక్కడ ఆయన కొట్టిన దెబ్బ పక్కకు పోయింది. బంతి అంచు వైపు మళ్లింది. నెమ్మదిగా, ఎవరూ ఆపలేనట్టుగా దొర్లుతోంది. భవ్య ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. అది పడిపోతే ఇంకో బంతి ఉంది, సంచీ నిండా ఉన్నాయి. కానీ పడిపోతే ఆయన ఇంకోటి అడగడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. జానకమ్మ "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అంచుకు జానెడు ఇవతల బంతి టక్కున ఆగింది.

భవ్య వంగి చూసింది. తడినేలలో దిగిన గొర్రె డెక్క గుంతలో తెల్లగా కూర్చుని ఉంది.

శశిధర్ రావు కూతురి వైపు తిరిగాడు. "గిదేనా నువ్వు లొల్లి వెట్టిన గుంత?" అన్నాడు. భవ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆ తర్వాత ఆయన తొందరపడలేదు. దారి మళ్లీ చదునైంది. చివరికి గ్రీన్ మీదికి చేరారు. జెండా దగ్గర మొదటి దెబ్బ తప్పింది, రెండోదీ తప్పింది. "నేను పట్టుకోనా బాపూ?" అనబోయి భవ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. మూడోసారి బంతి గుంత అంచున తిరిగి, ఆలోచించుకున్నట్టు ఆగి, టప్పుమని లోపల పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన వెనక్కి తిరిగి, లొద్ది మీదుగా తాము బయల్దేరిన బండను చూశాడు. చాలా దూరంగా ఉంది. నడుమ గద్దలు తిరుగుతున్నాయి. ఆయన కళ్లు తడిసి ఉన్నాయి. తుడుచుకోలేదు.

"ఎన్నైనయ్?" అన్నాడు కాసేపటికి.

రంజిత్ నాలుక కరుచుకున్నాడు. దుబాయ్‌లో ఒక్క దెబ్బ కూడా లెక్క తప్పని మనిషి. "మర్సిపోయిన సార్. నీళ్లు చూస్కుంట అచ్చిన."

"నువ్వు?"

"నేను నిన్నే చూస్కుంట అచ్చిన బాపూ."

శశిధర్ రావు పెళ్లాం వైపు తిరిగాడు. అంచు మాట వింటేనే కాళ్లు చల్లబడే జానకమ్మ అక్కడ లేదు. అప్పుడే లొద్ది అంచు దారి పట్టి, గొర్రెల నడుమ కర్ర ఊపుకుంటూ వెనక్కి నడుస్తోంది.

"లెక్కలేని ఆట ఆటెట్లైతది?" అన్నాడాయన ముక్కు ఎగబీలుస్తూ. "బంతి తియ్యి బిడ్డా. మళ్ల మొదటికెల్లి ఆడుత."