నేను లోపలికి తెచ్చిన పొయ్యి

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. బీఎస్సీ పాసై విజయవాడలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తున్నాను. మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి పది మైళ్ల దూరంలో, చేపల చెరువుల మధ్య ఉంటుంది. నాన్న కాశీరావు ఆ చెరువుల మీద కాపలా. అమ్మ పేరమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్ముతుంది. అలాంటి ఇంట్లో పుట్టిన మా చెల్లెలు సత్యశ్రీకి పదిహేనో ఏట చేప ఒంటికి పడకుండా పోయింది.

మొదటిసారి పులుసు తిన్న పావుగంటకి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నాయనమ్మ బుల్లెమ్మ గొంగళితో రుద్దింది. సాయంత్రానికి తగ్గాయి కాబట్టి అందరూ మరిచిపోయారు. రెండోసారి, 1999 వేసవిలో, ఎండుచేప ఒక్క ముక్క తింది. పెదవులు ఉబ్బాయి, వాంతయింది, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

విజయవాడ తీసుకెళ్లి డాక్టర్ వెంకటకృష్ణారావు గారికి చూపించాను.

"మళ్లీ వస్తే ఇంతకంటే తొందరగా, ఇంతకంటే గట్టిగా రావచ్చమ్మా" అన్నారాయన. ఆయాసం ఆపే ఎడ్రినలిన్ మందు, చిన్న గాజు ఆంప్యూళ్లు రెండు, సిరంజిలు రాసిచ్చారు. "సూది వెయ్యడం నీకు తెలుసుగా. ఆయాసం మొదలైతే తొడకి అర మిల్లీ. ఆలోచిస్తూ కూర్చోకు."

జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు మా వైపు చేప వండని పొయ్యి ఉండదు. నేను రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాను.

"ఉబ్బసం ఉన్నోళ్లే గదే మృగశిర నాడు చేప తినాల్సింది! దానికి పిల్లికూతలని నువ్వే అంటివి, మళ్లీ నువ్వే వద్దంటివి" అంది నాయనమ్మ.

"ఆ కూతలు చేప వల్లే వస్తున్నాయి నాయనమ్మా."

"మనింట్లో పుట్టి చేప పడదంట! బెజవాడ నీళ్లు తాగాక నీకు మాటలెక్కువయ్యాయిలే."

నాన్న బీడీ ఆర్పాడు. "నాకర్థమయ్యేట్టు చెప్పమ్మా ఉషా."

"ఒంట్లో కూడా నీలాంటి కాపలా ఒకడుంటాడు నాన్నా. సత్యా ఒంట్లో ఉన్నవాడు చేపని చూసి దొంగనుకున్నాడు. మొదటిసారి కేకలేశాడు. రెండోసారి కర్ర తీశాడు. మూడోసారి ఆ దొంగ కోసం చెరువంతా విషం కలిపేస్తాడు."

నాన్న నవ్వాడు. "అట్టాంటోణ్ణి మా షావుకారు ఆ పూటే పీకేస్తాడే."

"వీణ్ణి పీకెయ్యడానికి లేదు నాన్నా."

ఆయన నవ్వు ఆగిపోయింది. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "నా చేత్తో దానికి పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వను" అంది. ఆ మాట తప్పలేదు.

ఆ రోజు అమ్మ గంపెత్తుకుని వెళ్లాక నాన్న కొర్రమీను తెచ్చాడు. సత్యాకి వేరే గిన్నెలో అన్నం వండాను. కంచం నేనే రెండుసార్లు తోమాను. సత్యా నడిమి గదిలో మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. నాయనమ్మ పెరట్లో కిరసనాయిలు స్టవ్వు మీద పులుసు పెట్టింది. ఉడుకు పట్టే వేళకి వాన మొదలైంది.

"ఒసేయ్ ఉషా! పులుసు వానపాలవుతుందే! నేనూ తడిసిపోతున్నా!"

పరుగెత్తి వెళ్లాను. ముందు గిన్నె, తర్వాత స్టవ్వు తెచ్చి, నడిమి గదిలోనే గుమ్మం పక్కన పెట్టి వెలిగించాను. జల్లు కొడుతోందని కిటికీలు మూశాను, పెరటి తలుపు గడియ పెట్టాను. తల తుడుచుకుంటూ నాయనమ్మ, "బంగారు తల్లివే" అంది.

నేను వెళ్లి సత్యా ఎదురుగా కూర్చున్నాను. పెరుగన్నం పెట్టాను. నాయనమ్మ ఎక్కడ ఒక ముక్క వేస్తుందోనని నా చూపంతా ఆ కంచం మీదే ఉంది.

"అక్కా, అరచేతులు దురద."

"ఏం తిన్నావే?"

"ఈ పెరుగన్నమే. ఒట్టు."

గొంతు అప్పటికే బొంగురుపోయింది. మెడ గోక్కుంటోంది.

"నాయనమ్మా, ఏం కలిపావు?" అని అరిచాను.

"నేనేం కలపలేదే! అటు వస్తే ఒట్టు!"

అప్పుడు తలెత్తి చూశాను. మూత సందులోంచి లేచిన ఆవిరి పైకప్పు కింద తెల్లగా పరుచుకుని ఉంది. బయటికి పోవడానికి దారి లేదు. ఆ దారులన్నీ మూసింది నేనే.

సత్యా రెండు చేతులూ మంచానికి ఆనించి గాలి కోసం ముందుకు వంగింది. ఒక్కొక్క ఊపిరికీ కూత. పెదవుల రంగు మారుతోంది. మందుల సంచి విప్పాను. ఆంప్యూల్ మెడ విరిచి మందు సిరంజిలోకి లాగాను. లంగా మీదనుంచే తొడకి సూది వేశాను. నాన్న సత్యాని వానలోకి ఎత్తుకుపోయాడు. రెండో సూది ఆటోలో వేశాను.

హనుమాన్ జంక్షన్ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఒక గంటకి కూత తగ్గింది.

"తిననక్కర్లేదమ్మా, కొందరికి ఉడికే ఆవిరే చాలు. ఆ వండే ఇంట్లో ఈ పిల్లని ఉంచకండి" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"మరెక్కడ ఉంచుతామండీ?" అన్నాడు నాన్న.

అమ్మకి వేరే ఊళ్లో చేపలమ్ముతూ ఉండగానే కబురందింది. గంప ఎక్కడో దింపేసి సాయంత్రానికి వచ్చింది. డాక్టరన్న మాట నేను చెప్పగానే బోరింగు దగ్గరికి వెళ్లి చాలాసేపు ఉంది. సబ్బుతో, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, వరండాలో ఒకావిడ దగ్గర చీర అడిగి తీసుకుని మార్చుకుని వచ్చి, గుమ్మంలో ఆగింది.

"రావచ్చా ఉషా?"

నాకు సబ్బు వాసన తప్ప ఏమీ తెలియలేదు. "రా అమ్మా" అన్నాను.

సత్యా కళ్లు తెరవకుండానే చెయ్యి చాపింది. అమ్మ ఆ మణికట్టు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి అమ్మ బొటనవేలు పక్కకి జరిగింది. అది ఆనిన చోట చర్మం ఎర్రగా, ఉబ్బుగా లేచి ఉంది.

నాకంటే ముందు అమ్మే చూసింది. చెయ్యి లాక్కుని కొంగులో దాచుకుంది. వెనక్కి అడుగులేస్తూ గుమ్మం దాటింది. నేను నర్సుని కేకేశాను.

బయట వాన తెరిపిచ్చింది. వరండాలో రోగుల బంధువులు వరసగా కూర్చుని క్యారియర్లు విప్పుతున్నారు. మృగశిర కార్తె. అన్ని క్యారియర్లలో ఏముంటుందో నాకు తెలుసు.

లేచి తలుపు వేశాను. అమ్మ బయటే ఉండిపోయింది.