మద్రాసు మీదుగా చిత్తూరు

డెబ్భై ఆరులో ఒకనాడు తెల్లవారుతూనే మునెయ్య కన్నుమూశాడు. తిరుపతిలో, అందులోనూ కోవెల వీధిలో పోవడం పుణ్యమంటారు. ఆ పుణ్యం పోయినవాడికే, ఉన్నవాళ్లకు కాదు. వీధిలో శవం ఉన్నంతసేపు ఆ కోవెలలో పూజ జరగదు, స్వామికి నైవేద్యం పెట్టరు.

కొడుకు బాలసుబ్రమణ్యానిది ఒకటే పట్టుదల. చిత్తూరులో ఉన్న చెల్లెలు మునిరత్నమ్మ వచ్చి నాయన ముఖం చూసేదాకా పాడె లేవకూడదు.

ఎదురింటి మునికృష్ణ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "నేను బస్సెక్కి పోయి మునిరత్నమ్మ పాపను పిల్చుకోనొస్తానన్నా."

"బస్సెందుకబ్బా, ఊరూరా నిలబడుకుంటా పోతాది. వాళ్ల పక్కింట్లో ఫోనుండాది. నిమిషంలో చెప్పేస్తా." ఆ మాట అన్నందుకు తర్వాత బాలసుబ్రమణ్యానికి తనను తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ట్రంకు కాల్ ఆఫీసులో అర్జెంటు కాల్ రాయించి బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ కింద ఎవడెవడో ఊసిన తాంబూలం. ఈగలు. ఎంతకీ పిలుపు రాకపోతే లేచి ఆపరేటర్ చంద్రకాంతమ్మను అడిగాడు.

"చిత్తూరుకు తిన్నగా పోయే నేరు లైను చెడిపోయుండాదప్పా. మద్రాసుకు పోవాల, ఆడినుంచి రాయవేలూరుకు, ఆడినుంచి చిత్తూరుకు."

"చిత్తూరు యాడ, మద్రాసు యాడమ్మా?"

"తీగ యాడికి పోతే మాట ఆడికి పోవాల. నన్నేం జేయమంటావు?"

ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టుంది వీళ్ల వ్యవహారం! మద్రాసు పలికితే రాయవేలూరు పలకదు. రాయవేలూరు దొరికేసరికి మద్రాసు తెగిపోతుంది. మళ్లీ మొదటినుంచి. ఈపాటికి బస్సు చిత్తూరు పోయి తిరుగుదారి పట్టి ఉండేది.

కోవెలలో కైంకర్యం చేసే దేవనాథన్ వెతుక్కుంటూ వచ్చాడు. "బాలూ, పెరుమాళ్లకు ఇంకా ఆరగింపు కాలేదయ్యా. పెద్దలంతా నీకోసమే చూస్తున్నారు."

పెరుమాళ్లు పస్తున్నాడని వీధి వీధంతా తల్లడిల్లుతోంది, కన్నకూతురి సంగతి ఒక్కడికీ పట్టలేదు. బాలసుబ్రమణ్యానికి ఆ బెంచీ మీద, ఆ తీగల మీద, మనుషుల మీద ఒకేసారి రోత పుట్టింది. అయినా లేచి వెళ్లాడు. ఎంతసేపని ఎదిరిస్తాడు? తల గొరిగించుకుని నాయనకు కొరివి పెట్టాడు.

స్నానం చేసి తడిపంచెతోనే మళ్లీ ఆఫీసుకు వచ్చాడు. కబురైనా చేరాలి కదా. గడప తొక్కుతూనే చంద్రకాంతమ్మ కేకేసింది. "చిత్తూరు దొరికింది, మాట్లాడప్పా!"

"పాపా, నాయన పోయినాడమ్మా."

మాట అన్ని ఊళ్లూ తిరిగి ఆమెకు చేరింది. కాసేపటికి ఏడుపు వినిపించింది. "అన్నా, ఇప్పుడే బస్సెక్కతా. నేనొచ్చేదాకా ఎత్తద్దని చెప్పన్నా. ఒక్కసారి మొగం చూసుకుంటా."

పక్కగదిలో మాట్లాడినంత స్పష్టంగా ఉంది గొంతు. చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"సరేమ్మా, రా," అన్నాడు.

రిసీవర్ పెట్టేశాక తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. ఇంటికి పోబుద్ధి కాక బస్టాండుకు వెళ్లి నిలబడ్డాడు. సాయంత్రం చిత్తూరు బస్సు వచ్చింది. దిగబోతూ మునిరత్నమ్మ అన్న గుండు చూసింది.