ఆల్మటీకి వెళ్ళిన కుక్కరు

"చిన్న కుక్కరు కాదే, పెద్దది పెట్టు. ఆరుగురు మగాళ్ళు తినాలి," అంది మా అత్తగారు సీతారావమ్మ, మంచం మీద కూర్చుని కాళ్ళూపుతూ.

సూట్‌కేసులో అన్నిటికంటే ముందు కరెంటు కుక్కరు పెట్టాను. దాని గిన్నెలో గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి సీసాలు. నూనె కారకుండా చుట్టిన గుడ్డలు నా పాత లంగాలు. ఇంకో సంచీ నిండా మా సోనా మసూరి బియ్యం. మిగిలిన సందులో నా బట్టలు కుక్కాను. ఆవిడ మంచినీళ్ళకి లేచినప్పుడు అడుగున ఒక బూట్ల జత దూర్చాను. సింధనూరులో కొని, కూరగాయల సంచీలో తోటకూర కింద దాచి తెచ్చుకున్న బూట్లు. ముప్పై అయిదేళ్ళ ఆడది బూట్లు దొంగతనంగా కొనుక్కోవాల్సి వచ్చిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి.

మాది పురుగుమందుల షాపు. తుంగభద్ర కాలవ కింద, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు పొలాలు చేసుకుని స్థిరపడ్డ క్యాంపులో, మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. మందులమ్మే షాపుకి లైసెన్సు కావాలంటే చదువుండాలి. మా ఆయన హరిబాబు ఇంటరు తప్పాడు. నేను రాయచూరులో అగ్రికల్చర్ బీయెస్సీ చదివాను. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు, "మాకు కట్నం వద్దండీ, అమ్మాయి సర్టిఫికెట్ చాలు," అంది. ఎంత దొడ్డవాళ్ళో అని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. అలా గోడ మీద ఫ్రేముల్లో నా సర్టిఫికెట్, నా ఫోటోతో లైసెన్సు, కౌంటర్లో హరిబాబు, వంటింట్లో నేను. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం పట్టుచీర కట్టుకుని కౌంటర్లో కూర్చోవాలి. ఆఫీసరు గారు కాగితాల్లోంచి తలెత్తకుండా, "అంగడి నీవే నడెస్తీరా మేడం?" అని కన్నడంలో అడుగుతాడు, షాపు నడిపేది మీరేనా అని. "హౌదు సార్," అవునంటాను. ఆయన సంతకం పెట్టి, టీ తాగి వెళ్తాడు. జీపు మలుపు తిరిగేలోపే హరిబాబు, "ఇక లోపలికి పో," అంటాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఒక్క అబద్ధంతో మా షాపు నడుస్తోంది.

ఒకసారి ఒక రైతు ఎండిన వరిదంటు పట్టుకుని వచ్చాడు. టీ ఇవ్వడానికి వెళ్ళినదాన్ని నోరు ఊరుకోక, "ఇది అగ్గితెగులండీ, ఆయనిచ్చిన మందు పనిచెయ్యదు," అన్నాను. రైతు నేను చెప్పిన మందు తీసుకెళ్ళాడు. హరిబాబు షట్టరు లాగే ఇనపకడ్డీ తీసుకుని గోడౌన్లో నా వీపు మీద కొట్టాడు. "షాపు నాదే. షాపు పోతే నిన్ను చంపి నేనూ చస్తా, గుర్తుపెట్టుకో," అన్నాడు. మొహం మీద మాత్రం కొట్టడు. మా ఆయన మర్యాదస్తుడు. ఏ ఆఫీసరు ఎప్పుడొస్తాడో తెలీదు కదా. పురుగుమందులున్న ఇంట్లో ఆడదానికి చావడం, చంపడం రెండూ చేతికందే అరలోనే ఉంటాయి. కొన్నాళ్ళు నా గ్లాసు వంక చూశాను. కొన్నాళ్ళు ఆయన మజ్జిగ గ్లాసు వంక చూశాను. అబద్ధమెందుకు, రెండోదాని వంకే ఎక్కువ చూశాను.

అమ్మకాలు బాగుంటే కంపెనీవాళ్ళు డీలర్లని విదేశాలు తిప్పుతారు. పేరు నాది, తిరుగుడు ఆయనది. బ్యాంకాక్, దుబాయ్, కొలంబో అన్నీ చూసొచ్చాడు. ఈసారి కజకిస్తాన్‌లో ఆల్మటీ అనే ఊరు, అదీ జంటలుగా రమ్మన్నారు. డీలర్లంతా మా ఇంట్లో నేను వేసిన పకోడీలు తింటూ ఆలోచించారు. "ఆడాళ్ళొస్తే మంచిదేగా హరీ. అన్నానికి ఇబ్బందుండదు. దుబాయ్‌లో ఆ ఎండు రొట్టెలు తినలేక చచ్చాం," అన్నాడు వీరబాబు గారు. దానికి అందరూ సరేనన్నారు. అంటే మేం వెళ్తున్నది వంటకి.

నేను దేనికీ మారు చెప్పలేదు. ఎందుకంటే ఫోన్లో చూశాను, ఆ ఊరి నెత్తి మీదే మంచుకొండలున్నాయి. కాలేజీ రోజుల్లో నేనూ నా రూమ్మేట్ కీర్తీ ఆదివారం వస్తే కొండెక్కాల్సిందే. రాయచూరు కోట, మలియాబాద్ గుట్టలు, ఆనెగొంది దగ్గర మెట్లు లేని వైపునుంచి బండలు పట్టుకుని ఎక్కేవాళ్ళం. కీర్తి నన్ను కోతీ అని పిలిచేది. పెళ్ళయ్యాక నేనెక్కిన ఎత్తయిన చోటు మా గోడౌన్ అటక.

ఆల్మటీ హోటల్ గది కిటికీ తెర తీస్తే ఎదురుగా కొండలు. కొస నుంచి నడుం దాకా తెల్లగా ఉన్నాయి. అలా చూస్తూ నిలబడిపోయాను. "చూసింది చాల్లే. బాత్రూంలో ప్లగ్గుంది, ఎసరు పెట్టు," అన్నాడు హరిబాబు. కమోడ్ మూత మీద కుక్కరు పెట్టి, స్నానాల తొట్లో బియ్యం కడిగాను. మిగతా ఆడాళ్ళు వాళ్ళ గదుల్లో ఉల్లిపాయలు తరుగుతుంటే, వీరబాబు గారి భార్య తనూజక్క తన కుక్కరు కూడా తెచ్చి నేల మీద పెట్టి పప్పేసింది. మగాళ్ళు టోపీలు పెట్టుకుని రోప్‌వే ఎక్కడానికి వెళ్ళారు. నేనూ వస్తానంటే, "మీరు రేపెళ్దురుగాని, ముందు అన్నం సంగతి చూడండి," అన్నారు. దేశాలు దాటి, విమానమెక్కి వచ్చి నేను చూసింది ఒక బాత్రూం. మా ఇంటి వంటిల్లు అంతకంటే పెద్దదే.

రెండు కుక్కర్లూ కెటిలూ ఒకేసారి పెట్టేసరికి ఆ అంతస్తంతా కరెంటు పోయింది. హోటల్‌లో పనిచేసే ఒకామె వచ్చింది. తొట్లో బియ్యం కడుగు, గోడల నిండా ఆవిరి, పప్పు పొంగి నేల మీద పసుపు మడుగు చూసింది. ఏదో అరిచి కుక్కర్లు పట్టుకుపోయింది. మాకు నవ్వొచ్చింది. తనూజక్కా నేనూ బాత్రూం నేల తుడుస్తూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

మగాళ్ళు ఆకలితో, తాగిన వాసనతో వచ్చారు. "అన్నమేదే?" అన్నాడు హరిబాబు. కుక్కర్లు తీసుకెళ్ళారని చెప్పి, "బయట తిందాం రండి. కొండ మీద బాగుందా?" అన్నాను. వెక్కిరించాననుకున్నాడు. చెంప మీద కొట్టాడు. నేను తలుపు చట్టానికి గుద్దుకున్నాను. లేవబోతే జుట్టు పట్టుకుని మళ్ళీ అదే చట్టానికేసి కొట్టాడు. పెదవి చిట్లి చున్నీ అంతా రక్తం. అది మొహం మీద మొదటి దెబ్బ. పరాయి దేశం కదా, కౌంటర్ లేదు, ఆఫీసరు రాడు. గది తలుపు తీసే ఉంది. వరండాలో డీలర్లంతా ఉన్నారు. కుక్కర్లు తీసుకెళ్ళినామె కూడా ఉంది. చేతిలో ఫోను ఎత్తి, నన్నే చూస్తూ, "పోలీస్?" అంది. హరిబాబు నవ్వుతూ, "మై వైఫ్, మై వైఫ్," అన్నాడు, తన సామాను తనే కింద పడేసుకున్నట్టు. తనూజక్క నా చెయ్యి గిల్లి, "ఏం లేదని చెప్పవే. ఇక్కడ జైల్లో వేస్తారంట. ఊళ్ళో పరువు పోతుంది," అంది. "నో ప్రాబ్లం," అన్నాను. హోటలామె ఫోను దించి వెళ్ళి, తువ్వాల్లో ఐసు చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనవాళ్ళు సామెత చెబుతారు. అక్కడ ఒక్కరూ నవ్వలేదు. అందరూ అన్నం గురించే మాట్లాడుకున్నారు. నేను మొగుడు కొట్టినందుకే ఏడ్చాను.

మర్నాడు పొద్దున వాళ్ళు టిఫిన్‌కి కిందికి దిగగానే బూట్లు వేసుకున్నాను. చలికి హరిబాబు కోటు తగిలించుకున్నాను. కంపెనీవాళ్ళు ఖర్చులకిచ్చిన నోట్లు దాని జేబులోనే ఉన్నాయి. వెనక మెట్లనుంచి దిగి, ఫోన్లో దారి చూసుకుంటూ బస్సెక్కాను. నా వాచిన మొహం చూసి ఒక ముసలామె సీటిచ్చింది. రోప్‌వే దిగినచోట అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను అక్కడ ఆగలేదు. మనుషులు తక్కువున్న వైపు, మంచులో ఎవరివో అడుగులున్న దారి పట్టుకుని ఎక్కాను. ఊపిరి అందడం లేదు. వీపు మీద పాత దెబ్బలు, మొహం మీద కొత్తవి, అన్నీ సలుపుతున్నాయి. అయినా కాళ్ళు ఆగలేదు. కాళ్ళకి నేను కోతినని గుర్తుంది.

వంపు దగ్గర కాలు జారింది. వెల్లకిలా పడి కిందికి జారిపోతున్నాను. పట్టుకోడానికి ఏదీ లేదు. కింద ఏముందో కనబడదు. చచ్చాననుకున్నాను, కాని ఆ క్షణంలో నాకు చావాలని లేదు. ఎన్నోసార్లు గ్లాసు వంక చూసినదాన్ని, అరచేతులు కోసుకుపోతున్నా గోళ్ళతో మంచుని గీకాను. ఒక రాయి తగిలింది. దాన్ని కావలించుకుని ఆగాను. లేచి చూసుకుంటే మోకాలు చీరుకుపోయి మంచు ఎర్రగా తడిసింది. ఆ రక్తం నాదే. కాని నన్నెవరూ కొట్టలేదు. నా ఇష్టంతో వచ్చి, నా కాలు జారి, నాకు తగిలిన దెబ్బ. పిచ్చిదానిలా నవ్వొచ్చింది. "ఒరేయ్ హరిబాబూ!" అని గొంతు పగిలేలా అరిచాను. కింద స్కీయింగ్ చేస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు. మళ్ళీ అరిచాను. తర్వాత నెమ్మదిగా ఇంకాస్త పైకెక్కి, కోటు పరుచుకుని కూర్చుని, కింద ఊరంతా చూసుకుంటూ దారిలో కొనుక్కున్న యాపిల్ తిన్నాను.

ఆ మధ్యాహ్నం నేను తిరిగొచ్చాక హరిబాబు గదిలో బెల్టు తీశాడు. బకిల్ వైపుతో కొట్టాడు. తలకి అడ్డం పెట్టుకున్న చేతిలో చిటికెనవేలు విరిగింది. పక్కగదిలో ఇంకో డీలరు యలమందయ్య గారు తనకి రాని భాషలో టీవీ సౌండు పెంచుకున్నాడు. నేను అరవలేదు. పొద్దున్నే కొండ మీద అరిచేశాను.

ఇంటికొచ్చాక మా అత్తగారు క్యాంపంతా చాటింది. "దేశం కాని దేశంలో మొగుణ్ణి పస్తుంచి కొండలెక్కిందమ్మా మా కోడలు!" హరిబాబు కత్తెర తెచ్చి నా పాస్‌పోర్టు నా ఎదుటే ముక్కలు చేశాడు. "ఇంకెక్కడికెళ్తావే?" అన్నాడు. ఒకసారి మొహం మీదికొచ్చిన చెయ్యి మళ్ళీ వెనక్కి పోలేదు. ఇంట్లో కూడా మొహం మీదే కొట్టడం మొదలుపెట్టాడు.

మా ఇంట్లో అంట్లు తోమే బసవ్వది ఇక్కడి ఊరే. పెరట్లో నా చెయ్యి పట్టుకుని చూసి, "ఏందమ్మా, ఏలు గిట్ల వంకర వోయింది?" అంది. చెప్పాను. కొండ సంగతి, మంచు సంగతి, రాయి సంగతి కూడా చెప్పాను. బసవ్వ గిన్నె పక్కన పెట్టి విన్నది. "మల్ల ఎక్కుతవా?" అంది. అందరూ ఎందుకెక్కావని అడిగారు గాని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

జూన్‌లో ఇన్‌స్పెక్షన్ కబురొచ్చింది. వేలు వంగక పట్టుచీర కుచ్చిళ్ళు ఆలస్యమయ్యాయని పొద్దున్నే హరిబాబు కంటి కింద గుద్దాడు. మా అత్తగారు పరుగున పౌడరు డబ్బా తెచ్చి, "రాసుకోవే, ఆఫీసరు గారొస్తారు," అంది. సబ్బుతో మొహం కడుక్కున్నాను. పౌడరు రాసుకోలేదు. చీర కింద బూట్లు వేసుకున్నాను. రాయచూరులో ఉన్న కీర్తికి ముందురోజే ఫోను చేశాను. "రావే కోతీ, నేను బస్టాండులో ఉంటా," అంది. షాపు తెరవగానే హరిబాబు కూల్‌డ్రింకుల కోసం పక్కకెళ్ళాడు. బసవ్వని మెట్ల మీద కూర్చోమన్నాను. "గీడనె కూసుంట, నువ్వు భయపడకు," అంది.

ఆఫీసరు గారు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కాగితాలు తిరగేసి, పెన్ను మూత తీసి, ఎప్పట్లాగే తలెత్తకుండా అడిగాడు.

"అంగడి నీవే నడెస్తీరా మేడం?"

కూల్‌డ్రింకులతో తిరిగొచ్చిన హరిబాబు సీసా మూత తీస్తున్నాడు. చంపుతాడు. నిజంగానే చంపుతాడని తెలుసు. ఆల్మటీ హోటల్ వరండాలో ఫోనెత్తి నిలబడ్డామె కళ్ళు గుర్తొచ్చాయి.

"ఇల్ల సార్," కాదన్నాను.

పెన్ను ఆగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన తలెత్తి నా మొహం చూశాడు.

"నేనెప్పుడూ నడపలేదు సార్. నడిపేది ఆయన. ఈ మొహం ఇలా చేసింది కూడా ఆయనే. నా సర్టిఫికెట్ నేను తీసుకెళ్తున్నాను," అన్నాను. గోడ మీది సర్టిఫికెట్ ఫ్రేము దించి చంకలో పెట్టుకున్నాను. మా అత్తగారు లోపలినుంచి, "కొంప ముంచావే ముండా!" అని గుండెలు బాదుకుంటూ వచ్చింది. సీసా నేల మీద పగిలింది. హరిబాబు ఆఫీసరు ఉన్నాడని కూడా చూడకుండా ఎప్పుడూ కడ్డీ పెట్టే మూలకి దూకాడు. చేత్తో గోడంతా తడిమాడు. మూల ఖాళీగా ఉంది.

ఆఫీసరు గారు లేచి, మాకిద్దరికీ మధ్య నిలబడి, షాపు మూసెయ్యమన్నాడు. నేను గాజుపెంకులు బూట్లతో తొక్కుకుంటూ బయటికి నడిచాను. మెట్ల మీద బసవ్వ లేచి నిలబడి ఉంది. ఇనపకడ్డీ ఆమె చేతిలో ఉంది.

"షట్టరు దించమంటవా అమ్మా?" అంది.

"దించు," అన్నాను.