అమ్ఘరా బండిలో నవ్విన మనిషి

నా వాట్సాప్ గ్రూపు పేరు 'ఎవరూ చూడని సినిమాలు'. అరవై మూడు మంది ఉన్నారు. అందరూ ఆడవాళ్లే, దాదాపు అందరూ కడప, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్ వచ్చి ఇళ్లలో పని చేసేవాళ్లు. నేను జాబ్రియాలో ఒక పళ్ల క్లినిక్‌లో కంప్యూటర్లు చూసుకుంటాను. నాలుగేళ్లు బీటెక్ చదివింది ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడానికేనని చేరిన మొదటి వారమే తెలిసిపోయింది. అందుకే ఆత్మగౌరవం కోసం ప్రతి ఆదివారం సినిమా సలహాలిస్తుంటాను.

పెద్ద హీరోల సినిమాలు చెప్పను. వాటికి నా అవసరం లేదు. యూట్యూబ్‌లో ఏ మూలో పడి ఉండి, తీసినవాళ్ల చుట్టాలు కూడా చివరిదాకా చూడనివి వెతికి చెప్తాను. మొదట్లో ఒకసారి, గంటన్నరలో పదకొండే మాటలున్న ఒక సినిమా గురించి మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆ కెమెరా పనితనం, ఆ వెలుతురు అని ఊగిపోయాను. రెడ్డెమ్మక్క జవాబు సాయంత్రానికి వచ్చింది.

"పాపా, నెట్టు పోయిందేమో అనుకోని మూడుసార్లు మొదుల్నించి పెట్టినా. గాలి తప్ప ఏమన్నా ఉండాదా అందులో?"

వాళ్లు సినిమాలు చూడరని, వింటారని నాకప్పుడు అర్థమైంది. ఇస్త్రీ చేస్తూ, అంట్లు తోముతూ, తలగుడ్డ కింద ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. రెండో చెవి మామా, అంటే ఇంటి యజమానురాలు, ఎప్పుడు పిలుస్తుందా అని ఖాళీగా ఉంచుకోవాలి. ఫోన్ జేబులోనే ఉంటుంది. తెర వైపు చూసే తీరిక అరవై మూడు మందిలో ఒక్కరికీ లేదు. అప్పటినుంచి, కళ్లు మూసుకున్నా అర్థమయ్యే సినిమాలే చెప్తున్నాను.

'అమ్ఘరా బండి' నాకు చెప్పింది తిమ్మయ్యన్న. నేనుండే అబూ హలీఫా బిల్డింగ్‌కి క్యారియర్లు తెచ్చే మనిషి. మామూలు రోజుల్లో పొద్దున ఏడుకి, శుక్రవారమైతే పన్నెండున్నరకి వస్తాడు. ఒకరోజు క్యారియర్ అందిస్తూ అడిగాడు.

"నువ్వు సినిమాలు జెప్తావంటనే పాపా? మా వోళ్లు ఒకటి తీసినారు. లింకు పంపిస్తా, మీ ఆడోళ్లకు జెప్పు."

"నువ్వు కూడా నటించినావా అన్నా?"

"నా మొగానికి సినిమా ఒకటా!" అని నవ్వాడు. ఆ నవ్వు మెట్ల మీద రెండంతస్తుల కిందికి దొర్లిపోయింది.

సినిమా యాభై రెండు నిమిషాలు. వ్యూస్ రెండొందల పదిహేడు. అమ్ఘరాలో పాత ఇనుము తోలే ఒక లారీ డ్రైవరు, కడప మనిషి. బండి చెడిపోయి రోజంతా ఎడారి రోడ్డు పక్కన ఇరుక్కుపోతాడు. ఫోన్‌లో ఇంటితో మాట్లాడతాడు, బండితో మాట్లాడతాడు, ఒక మేకతో మాట్లాడతాడు. అంతే కథ. ఫోన్‌తో తీశారు. నేను నాలుగుసార్లు చూశాను, రెండుసార్లు ఏడ్చాను. ఆదివారం గ్రూపులో పెట్టాను: 'నిండా మాటలే, చెవులకు పండగ.'

సోమవారం పదకొండింటికి రెడ్డెమ్మక్క వాయిస్ మెసేజ్ వచ్చింది. మా క్లినిక్ వెనక వీధిలోనే పని చేస్తుంది ఆమె.

"సంద్రికా, ఇంటాయప్ప తెల్ల దిష్‌దాషా అంగీ కాలిపోయిందే. ఎదురురొమ్ము కాడ ఇస్త్రీపెట్టె అట్లే పెట్టేసినా. మామా అరస్తాంది. అది పోనీ. ఆ సినిమాలో నవ్వినోడు ఎవుడు?"

డ్రైవరా అని అడిగాను. తర్వాతి మెసేజ్‌లో ఇస్త్రీపెట్టె బుస్సుమనడం, ఎక్కడో ఆ ఇంటి పిల్లాడు అరబ్బీలో గొణగడం, అంతే.

సాయంత్రం ఆ పిల్లాడి పళ్ల క్లిప్పులు సరి చేయించే వంకతో క్లినిక్‌కి వచ్చేసింది. పిల్లాణ్ని డాక్టర్ దగ్గరికి పంపి నా టేబుల్ పక్కన నిలబడింది. రెడ్డెమ్మక్కకు ముప్పై తొమ్మిదేళ్లు. మనిషి ఎప్పుడూ ఎకసెక్కాలాడుతూ ఉంటుంది. ఆ రోజు పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"సూపీ వాన్ని."

నా కంప్యూటర్‌లో సినిమా పెట్టాను. డ్రైవరు మొహం తెర నిండా వచ్చింది. బక్కపలచటి మనిషి, కోడిముక్కు.

"వీడు కాదు," అంది.

"చూసినావా మరి? ఎవరినో అనుకొని అంత పెద్దాయన బట్ట కాల్చేసినావు."

"ఉండు." కళ్లు గట్టిగా మూసుకుంది. "ఇప్పుడు పెట్టు."

డ్రైవరు మేకతో మాట్లాడి నవ్వే చోటు వచ్చింది. ఆమె టేబుల్ అంచు పట్టుకుంది. కళ్లు తెరవలేదు.

"వాడే. ఆంజి. నా మొగుడు."

రెడ్డెమ్మక్క మొగుడు చనిపోయి ఏడేళ్లయిందని గ్రూపులో అందరికీ తెలుసు. కువైట్‌లోనే, ఎడారిలో పనివాళ్ల రేకుల గదికి నిప్పంటుకుంది. అందులో మీ ఆంజి కూడా ఉన్నాడని ఎవరో ఊరికి ఫోన్ చేశారు. శవం రాలేదు, కాగితమూ రాలేదు. ఫోటో పెట్టి కర్మ చేశారు. ఆ తర్వాతే ఆమె ఈ దేశం వచ్చింది.

"అక్కా, గొంతులు ఒకే రకంవి ఉంటాయి."

"గొంతుకు నేను మోసపోతానేమో. నవ్వుకు పోను. బోరు మోటరు మాదిరి. మూడుసార్లు ఎగదంతాది, నాలుగోసారికి పట్టుకుంటాది. ఇంట్లో అందరం అదే అంటాంటిమి, వాడు నవ్వితే, మోటరు పట్టిందిరో అని." ఆమె నవ్వి చూపించింది. "ఖ్... ఖ్... ఖ్... హహ్హహ్హహ్హ."

ఆ నవ్వు నాకు తెలుసు.

రోజూ పొద్దున ఏడింటికి మా మెట్లెక్కి వచ్చే నవ్వది. రెండేళ్లుగా వింటున్నాను. ఆ సినిమాలో నాలుగుసార్లు విన్నాను. కానీ తెర మీద వేరే మొహం ఉంది కదా, నా చెవులు దాన్నే నమ్మాయి. ప్రింటర్ నన్ను ఏదో అడుగుతోంది. నేను అవును నొక్కాను. అపాయింట్‌మెంట్ చీటీలు నూట ఇరవై కాపీలు బయటికొచ్చి నేలంతా పరుచుకున్నాయి. ఇద్దరం వాటికేసి చూస్తూ నిలబడ్డాం.

సినిమా చివర్లో డైరెక్టర్ నంబరుంది. జలంధర్, జగిత్యాల అతను, అమ్ఘరాలో ఇనుప సామాను యార్డులో సూపర్‌వైజరు. స్పీకర్ పెట్టి ఫోన్ చేసి, అబూ హలీఫాలో తిమ్మయ్యన్న లింకు ఇచ్చాడని చెప్పి, డ్రైవరు గొంతు ఎవరిదని అడిగాను.

"గా డ్రైవర్ గొంతా? మా చిన్నరాజంది గాదు చెల్లె," అన్నాడు మహా సంతోషంగా. "గాయన మా దిక్కోడు. కడప మాట మాట్లాడుమంటే నవ్వొస్తున్నది గాని ఏడుపొస్తలేదు. యార్డుల క్రేన్ల సప్పుడు గూడ ఎక్కువైంది. మల్ల కార్ల గూసుండి, దుప్పట్లు గప్పుకొని, గొంతు ఏరే ఆయనతోని చెప్పిచ్చినం."

"ఎవరు ఆయన?"

"మీ అబూ హలీఫా ఆయననే. టిఫిన్ల తిమ్మన్న. పేరు ఎయ్యద్దన్నడు, ఈడ ఉండెటందుకు ఇఖామా కాయిదం లేదు గదా పాపం. మొకం కనవడకపోతే ఏం గాదు, ఎవలు గుర్తు వడ్తరు అన్నడు."

ఫోన్ పెట్టేశాను. రెడ్డెమ్మక్క కింద కూర్చుని చీటీలు ఏరుతోంది. ఏరి, అంచులు సరిచేసి, మళ్లీ కింద పోసింది. మళ్లీ ఏరింది.

"నీకు రోజూ వాడేనా కూడు పెడతాండేది?"

"నాకు తెలీదక్కా. ఒట్టు."

"పప్పులో ఎండుమిరపకాయ తుంచకుండ అట్లే ఏస్తాడా?"

వేస్తాడు. నేను ప్రింటర్‌లో కాగితం సరిచేశాను.

"ఏస్తాడులే," అంది ఆమే. చీటీల కట్ట నా టేబుల్ మీద పెడుతూ చెప్పింది. "నాకు వాడు అక్కరలేదు పాపా. వచ్చే నెల మా పిల్ల పెండ్లి. లీవు పెట్టుకోని పోతాండా. మా అత్త ఏమనిందో తెలుసా? నలుగు పెట్టేది మీ ఆడబిడ్డ పెడతాది, నువ్వు వంటింట్లో ఉండు, ముందుకు రాగాకు అనింది. ఈ చేతులతో ఎత్తుకోని సాకినా. ఈ చేతులకు గాజులు పగలగొట్టిరి, సచ్చినాడని. వాడేమో ఈడ మేకతో నవ్వుతాండాడు." డాక్టర్ గది తలుపు తెరుచుకుంది. పిల్లాడు వచ్చాడు. ఆమె లేచింది. "బతికుండానని వాడే వాళ్లమ్మతో జెప్పాల. నేను జెప్తే నమ్మదు. శుక్రవారం వస్తా."

మూడు రోజులు తిమ్మయ్యన్న క్యారియర్ తీసుకున్నాను. మూడు రోజులు ఆ పప్పు తినలేక పారేశాను. బుధవారం అడిగాడు, ఒంట్లో బాగలేదా పాపా, మొగం అట్లుండాదేమని. 'ప్రింటర్ సతాయిస్తాంది అన్నా' అన్నాను.

శుక్రవారం పన్నెండుకే రెడ్డెమ్మక్క వచ్చి మా తలుపు వెనక చెప్పుల స్టాండు మీద కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు కూడా తాగలేదు.

పన్నెండున్నరకి మెట్ల మీద చెప్పుల చప్పుడు. "పాపా, క్యారియర్!"

ఆమె కళ్లు మూసుకుంది.

నేను తలుపు సగం తెరిచాను. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నవన్నీ మర్చిపోయాను. "అన్నా, సినిమా మా గ్రూపులో అందరికీ నచ్చింది. ఆ డ్రైవరు నవ్వుంది చూడు, దానికే పడిపోయినారు."

ఆయన మొహం వెలిగిపోయింది. మెట్ల కిందికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఎవురితోనూ అనగాకు. అది నాదే. మొగం వానిది, గొంతు నాది. ఎవురికన్నా తెలిసిందా? తెల్లే!" అని నవ్వాడు. ఖ్, ఖ్, ఖ్. మోటరు పట్టింది.

నా వెనకనుంచి చెయ్యి వచ్చి తలుపు పూర్తిగా తెరిచింది.

నవ్వు మధ్యలో ఆగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నోరు అలాగే ఉండిపోయింది, శబ్దం మాత్రం పోయింది. చేతిలో క్యారియర్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"రెడ్డీ."

"మొగం కనపడకపోతే సాలనుకున్నావే," అంది రెడ్డెమ్మక్క. గొంతు పెంచలేదు. "మాకు మొగాలు సూసే తీరిక యాడిది? మేము ఇంటాము."

ఆయన గోడకానుకుని అలాగే కిందికి జారాడు. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరనుంచి పారిపోయాక ఆ గదిలో ఉండేవాడట. నిప్పంటుకున్న రోజు అక్కడ లేడు. "వచ్చే వారం ఫోన్ జేద్దామనుకుంటి. అంతలోనే కర్మ జేసేసినారని తెలిసె. ఇంగ ఏ మొగం పెట్టుకోని జేసేది రెడ్డీ? ఒక వారం, ఇంగో వారం..."

"ఏడేండ్లు," అంది ఆమె. "ఫోన్ జెయ్యి. మీయమ్మకు. ఇప్పుడే."

ఆయన రెండుసార్లు నంబరు తప్పు నొక్కాడు. నేనే కలిపి స్పీకర్ పెట్టాను. అటు ముసలామె గొంతు, వెనక కోళ్లు.

"అమ్మా. నేను, ఆంజిని."

కోళ్లు మాత్రం మాట్లాడాయి. తర్వాత ముసలామె అంది, చాలా నెమ్మదిగా. "ఎవుర్రా నువ్వు? కంప్యూటర్లలో గొంతులు జేసి మోసాలు జేస్తాండారని టీవీలో జెప్పినారు. నా కొడుకు సచ్చిపోయినాడు. నీకు సిగ్గు లేదా, సచ్చినోని గొంతు ఏసుకోని..."

బీటెక్ దాన్ని నేను, అది కంప్యూటర్ గొంతు కాదని ఎలా రుజువు చేయాలో నాకే తెలియలేదు. ఆయన నా వైపు చూశాడు. ఆయన దగ్గర ఇఖామా లేదు, సొంత పేరు లేదు, ఇప్పుడు గొంతు కూడా చెల్లలేదు.

"పెట్టేయొద్దత్తా," అంది రెడ్డెమ్మక్క ఫోన్ దగ్గరికి వంగి. "నేను రెడ్డెమ్మను. ఒక్క నిమిషం ఇను." ఆయన వైపు తిరిగింది. "నవ్వు."

"యెట్ల నవ్వేది మే..."

"నవ్వు. మేకతో నవ్వలేదా?"

ఖ్, అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఖ్. ఖ్. నాలుగోది రాలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. ఖ్. ఖ్. అక్కడే ఆగిపోయింది. నేను చూడలేక క్యారియర్ల మీది స్టిక్కర్లు చదువుకున్నాను.

ఫోన్‌లో ముసలామె గొంతు చిన్నపిల్లలా వినిపించింది.

"మోటరు పట్టలేదేంరా ఆంజిగా?"

ఆయన ఫోన్ మీద పడి ఏడ్చాడు. రెడ్డెమ్మక్క ఫోన్ తీసుకుంది.

"ఇన్నావు గదా అత్తా. ఆ ఫోటోకు దండ తీసేయి. పిల్లకు నలుగు నేనే పెడతా." పెట్టేసింది.

ఆయన ఆమె చెప్పుల దగ్గర చెయ్యి పెట్టబోయాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"క్యారియర్లు సల్లారిపోతాండాయి. జనాలు ఆకలితో ఉంటారు. పో," అని ఆయన్ని దాటుకుని మెట్లు దిగిపోయింది.

ఇప్పుడు కూడా క్యారియర్ వస్తుంది. ఏడింటికి తలుపు తీస్తే గడప దగ్గర ఉంటుంది. పిలవడు. చెప్పుల చప్పుడు కూడా వినపడనివ్వడు. పప్పులో మిరపకాయ అలాగే, తుంచకుండా ఉంటుంది.

రెడ్డెమ్మక్క పోయిన నెల ఊరికి వెళ్లింది. పెళ్లికి రెండ్రోజుల ముందు వాయిస్ మెసేజ్ పెట్టింది. దాన్ని నేను కళ్లు మూసుకుని విన్నాను, ఇప్పుడు నాకు అదే అలవాటైంది. వెనక ఆడవాళ్ల గోల, ఎవరో చెంబు కింద పడేశారు, ఎవరో పిల్ల సిగ్గుపడి నవ్వుతోంది. అన్నిటికంటే దగ్గరగా, ఫోన్ పక్కనే, గలగలమని చేతినిండా గాజులు.

"పాపా, చేతులంతా నలుగుపిండి, ఫోన్ పట్టుకోను గావడంలే," అంది. "లీవు ఇంగ పది దినాలుండాది. ఒక సినిమా జెప్పు. మాటలు లేకపోయినా పర్వాలేదు, ఈసారి కూసోని సూస్తా."