ఒబ్దూలియా మౌనవ్రతం

ఒబ్దూలియా నోరు చెడ్డదని ఆ వీధిలో ఎవరూ అనరు. ఆ నోటికి విశ్రాంతి లేదని మాత్రం అందరూ అంటారు. పొద్దున పెనం మీద మొదటి తోర్తియా రొట్టె వేసినప్పటి నుంచి, రాత్రి టీవీ సీరియల్లో దుర్మార్గుడికి శాపనార్థాలు పెట్టి పడుకునేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. వినేవాళ్లు దొరక్కపోతే చిక్కుళ్లు ఉడికే కుండతో మాట్లాడుతుంది. అలాంటి మనిషి ఎదురుగా కోడలు యెసేనియా నిలబడి, ఇక నోరు విప్పొద్దని చెప్పిందంటే చూడండి ఆవిడ రాత.

కారణం మనవరాలు నయెలి. ఐదో ఏడు నడుస్తున్నా పిల్ల ఒకటీ అరా మాట తప్ప రెండు మాటలు కలిపి అనదు. నీళ్లు కావాలంటే గ్లాసు చూపిస్తుంది, కోపమొస్తే బల్ల కింద దూరుతుంది. డాక్టరుకు చూపిస్తే ఆయన పిల్ల నోట్లోకి, చెవుల్లోకి టార్చి వేసి చూసి, "ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లిష్. రెండింటి మధ్య పిల్ల తికమకపడుతోంది. స్పానిష్ ఆపేయండి" అని తేల్చేశాడు. సరిహద్దు నది దాటొచ్చి ఇవతల టెక్సస్‌లో ఎన్నాళ్లున్నా, తెల్లకోటు మనిషికి ఎదురు ప్రశ్న వేయడం వీళ్ల మర్యాదలో లేదు. యెసేనియా "అలాగే డాక్టరుగారూ" అంది. ఆమె భర్త రోహెలియో టోపీ తీసి చేత పట్టుకుని తలూపాడు.

ఆ రోజే ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. రోహెలియో ఇళ్ల పైకప్పులు వేస్తాడు, యెసేనియా షెడ్డులో నారింజపళ్లు పెట్టెలకెత్తుతుంది. ఇద్దరి ఇంగ్లిషూ మేస్త్రీతో నెట్టుకురావడానికి సరిపోతుంది. దాంతోనే కూతుర్ని పెంచడం మొదలుపెట్టారు. తిను. పడుకో. వద్దు. బూట్లు. అంతకుమించి వాళ్ల దగ్గర సరుకు లేదు. ఒబ్దూలియా దగ్గర ఆ పాటి సరుకు కూడా లేదు.

"మరి నేను పిల్లతో ఎట్లా మాట్లాడాలే?" అని అడిగింది కోడల్ని.

"మాట్లాడకండి అత్తయ్యా. దాని మంచికేగా. మీ స్పానిష్ చెవిన పడితే దాని జబ్బు ముదురుతుంది."

"నా మాట జబ్బా?"

"నేనన్లేదు, డాక్టరన్నాడు."

"నీ మొగుడు నా మాటలు వింటూనే పెరిగాడు. వాడికేం జబ్బొచ్చింది?"

"ఆయన మాత్రం ఇప్పటికి నోరు విప్పాడా?" అంది యెసేనియా.

ఈ సంభాషణంతా శుభ్రమైన స్పానిష్‌లో, బల్ల కింద కూర్చున్న పిల్ల తల మీదుగానే జరిగింది.

ఇల్లు మూగబోయింది. ఆ నిశ్శబ్దం చూసి యెసేనియా మందు పనిచేస్తోందనుకుంది. పక్కింటావిడ కంచె మీదుగా తొంగిచూసి, ఒబ్దూలియాకు పక్షవాతం గాని వచ్చిందా అని రోహెలియోని గుట్టుగా అడిగింది. ఒబ్దూలియా తన మాటలన్నీ మూటగట్టుకుని పెరట్లోకి పోయి కోళ్లకు చెప్పుకునేది. నయెలి ఆవిడ గౌను అంచు పట్టుకుని అక్కడికీ వచ్చేది. పిల్లను చూడగానే ఒబ్దూలియా నోరు మూసుకునేది. తన రక్తం పంచుకు పుట్టిన పిల్లతో ఒక్క ముక్క మాట్లాడకుండానే చచ్చిపోతానేమోనని ఆవిడకు భయం పట్టుకుంది.

పిల్లను చేర్చిన బడిలో స్పీచ్ థెరపిస్టు మిస్ కాంతూ పిల్లను రెండు భాషల్లోనూ పరీక్షించి, ఇంటిల్లిపాదినీ రమ్మని కబురు పెట్టింది. చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని వెళ్లారు. కాంతూ స్పానిష్‌లో అడుగుతుంటే, పిల్ల ఎదురుగా ఉందని, మొగుడూ పెళ్లాలు ఇంగ్లిష్‌లో ముక్కలు ముక్కలుగా జవాబిచ్చారు. ఒబ్దూలియా మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. ఏమడిగినా తలూపడమే.

కాంతూ అది గమనించింది. తర్వాత రోహెలియో వైపు వంగి, "ఏమీ అనుకోకండి. పెద్దావిడక్కూడా మాటలు రావా? మీ వంశంలో ఇది ఉంటే దాచకండి, నాకు తెలియడం మంచిది" అంది.



"నాకా?" అంది ఒబ్దూలియా. "నాకా తల్లీ మాటలు రానిది?" అంతే, కట్ట తెగింది. డాక్టరు దగ్గర మొదలుపెట్టి, కోడలు, కొడుకు, కోళ్లు, పక్కింటావిడ, అందరినీ కడిగేసింది. బడి గంట కొట్టినా ఆగలేదు.

ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు కాంతూ మెల్లగా మాట్లాడింది. "రెండు భాషలు వింటే పిల్లల మాట ఆగిపోదు. నయెలికి ఇబ్బంది ఉన్నమాట నిజమే, రెండు భాషల్లోనూ ఉంది. దాని సంగతి నేను చూస్తాను, టైం పడుతుంది. ఇంట్లో మాత్రం మీకొచ్చిన భాషలో మాట్లాడండి. వంట చేస్తూ మాట్లాడండి, కథలు చెప్పండి. ఒక్కటే షరతు పెద్దమ్మా. ఒక మాట అన్నాక ఆగాలి. పిల్ల మొహం చూస్తూ ఆగాలి. దాని మాట మీరు అందించకూడదు."

"ఆగాలా?"

రోహెలియోకి నవ్వొచ్చింది. "టీచరమ్మా, దీనికన్నా డాక్టరు చెప్పిందే నయం. ఊరికే నోరు మూసుకోమన్నాడు."

ఆ వారమంతా ఒబ్దూలియా మాట్లాడింది, ఆగింది, పిల్ల మొహం చూసింది. నాలుక దురద పెట్టినా ఓర్చుకుంది. నయెలి మాత్రం ప్రతిసారీ బెదురుగా తల్లి వైపు చూసి మొహం తిప్పుకునేది.

ఆదివారం పిండి పిసుకుతూ ఒబ్దూలియా తన చిన్నప్పటి గాడిద కథ ఎత్తుకుంది. గాడిద నది మధ్యలో మొండికేసిన చోట కథ ఆపి పిల్ల మొహం చూసింది. నయెలి స్టూలెక్కి, పిండి అంటిన చెయ్యి తెచ్చి ఆవిడ నోటికి అడ్డం పెట్టింది.

"వద్దు నానమ్మా. మాట వద్దు. నయెలికి జబ్బు."

స్పానిష్‌లో, గుక్కతిప్పుకోకుండా అంది. యెసేనియా గిన్నెలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "విన్నారా అత్తయ్యా, మాటకు మాట కలిపింది!" అంటూ ఫోన్ అందుకుంది. కాంతూ ఎత్తగానే, కూతురన్న మాటల్ని గొప్పగా ఒక్కొక్కటే అప్పజెప్పింది. రెండోది దాటి 'జబ్బు' దాకా వచ్చి ఆగిపోయింది. అప్పటికి గాని ఆ మాటలేమిటో ఆమె చెవికెక్కలేదు. ఇంగ్లిష్‌లో నేర్పినదేదీ ఒంటబట్టలేదు గానీ, ఈ ఒక్క పాఠం మాత్రం పిల్ల చక్కగా నేర్చుకుంది.

యెసేనియా ఫోన్ పెట్టేసి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎన్నాళ్ల తర్వాతో పిల్లతో తన భాషలో మాట్లాడింది.

"నానమ్మ మాటతో జబ్బు రాదు తల్లీ. మేమే తప్పు చెప్పాం. చెయ్యి తియ్యి, మాట్లాడనీ."

నయెలి తల్లిని చూసింది, చెయ్యి తీసింది. నానమ్మ మొహంలోకి చూస్తూ ఆగింది.

ఒబ్దూలియాకు నోట మాట రాలేదు.