ఇద్దరికే చోటున్న పుష్పకం

మేస్త్రి నేలమీద గొంతుక్కూర్చుని, బల్లమీద కూర్చున్న టాక్సీ డ్రైవరు మడమ నుంచి మోకాలి మడత వరకూ టేపు పట్టాడు. పదిహేడున్నర. చెవిమీది సుద్దముక్క తీసి ఆ అంకెను నేలమీదే వేసుకున్నాడు.

“సీటు చిరిగిందని వచ్చాను మేస్త్రీ, ప్యాంటు కుట్టించుకుందామని కాదు,” అన్నాడు డ్రైవరు.

“ప్యాంటు బిగుతైతే విప్పి పారేస్తావు నాయనా. సీటుతో అలా కుదరదు. రోజుకు పన్నెండు గంటలు దానిమీదే కదా నీ బతుకు. కాసేపు కదలకు.”

ముప్పై నాలుగేళ్లుగా ఆయన కార్ల సీట్లు కుడుతున్నాడు. కొలవనిదే కత్తెర ముట్టడు. తోలు వాసన ఒంటికి పట్టేసిన మనిషి. కుడిచేతి చూపుడువేలి కొస వంపుసూది పొడిచి పొడిచి కాయగాచి గవ్వలా గట్టిపడింది. పైకి కనిపించే కుట్టు కంటే లోపలి కుట్టును రెండింతల శ్రద్ధతో వేస్తాడు. పైకుట్టు మనుషులు చూస్తారు, లోకుట్టు దేవుడు చూస్తాడన్నది ఆయన ఎవరి దగ్గరా నేర్చుకున్న మాట కాదు. పని చేయగా చేయగా చేతికి అబ్బిన మాట.

ఆయన జీవితానికంతటికీ ఒకటే విలాసం, షెడ్డు మూలన నిలిచిన ఎర్రటి స్పోర్ట్స్ కారు. ఎవరో చెట్టుకు గుద్ది తుక్కు కింద వదిలేసిన దాన్ని ఇరవై రెండేళ్ల కిందట తెచ్చి, మూడేళ్ల సెలవురోజులన్నీ ధారపోసి ప్రాణం పోశాడు. నేలను వాసన చూస్తున్నట్టు వంగిన ముక్కు, రెండే తలుపులు, రెండే సీట్లు.

“పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందట. మీ పుష్పకంలో మనిద్దరం తప్ప ఈగక్కూడా చోటు లేదు,” అనేది ఆయన భార్య మురిపెంగా. వేగమంటే ఆయనకంటే ఆమెకే మోజు. ఆదివారం పొద్దున ఏటిగట్టు రోడ్డెక్కగానే జుట్టుకు గుడ్డ చుట్టుకుని, “ఇంకొంచెం తొక్కండి, వెనక సైకిలువాడు దాటేసేలా ఉన్నాడు!” అని ఎగదోసేది.

ఏడాదిగా ఆ ఆదివారాలు లేవు. ఒక వారం ఎండ, ఒక వారం తలనొప్పి, ఇంకో వారం ఉతకాల్సిన దుప్పట్లు. ఆయన నమ్మాడు. నెలకిందట ఒక ముసలి లాయరు సీటు ఎత్తు పెంచమని వచ్చి, బల్లమీంచి లేచేటప్పుడు రెండు చేతులూ పక్కన ఆనించి, పళ్లు బిగించి, ఒక్క క్షణం ఆగి లేచాడు. ఆ సాయంత్రమే ఇంట్లో భార్య కుర్చీలోంచి సరిగ్గా అలాగే లేవడం మేస్త్రి కంటబడింది. దీపం కిందే చీకటి. ఊరందరి మోకాళ్లూ కొలిచినవాడు ఇంట్లోని మనిషి తుంటినొప్పి కనిపెట్టలేకపోయాడు. మర్నాడు ఆమె కూరగాయలకు వెళ్లిన వేళ ఆ కుర్చీని కొలిచాడు. పద్దెనిమిది అంగుళాలు. షెడ్డుకు వచ్చి ఎర్రకారు సీటును కొలిచాడు. నేల నుంచి తొమ్మిది. టేపు చేతిలో పట్టుకుని అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాడు.

పాత కార్లు మార్పిడి చేసే బావమరిదికి ఆ రోజే కబురు వెళ్లింది. ఇంట్లో మాత్రం, “దానికి విడిభాగాలు దొరకడం లేదే. ఎన్నాళ్లని ఈడుస్తాం?” అన్నాడు.

“మిమ్మల్ని ఇచ్చెయ్యమని ఎవరడిగారు?” అని ఆమె కసిరింది. మళ్లీ తనే, “సరే, మీ ఇష్టం. ఎద్దుబండి మాత్రం తేకండి,” అంది.

ఆ మార్పిడి ఈ సాయంత్రమే. టాక్సీ సీటు ముగించి పంపాక మేస్త్రి ఎర్రకారు తలుపు తీశాడు. పరాయి చేతికి పోయేది మరకతో పోకూడదని తోలుకు నూనె పట్టించసాగాడు. పక్కసీటు అడుగంచున వేలు ఆగింది. ఆ కుట్టు ఆయనది కాదు. ఆయన కుట్లు చీమలబారు; ఇవి ఒకటి పొడుగూ ఒకటి పొట్టీగా, తెల్లటి దుప్పటి దారంతో, తడబడుతూ సాగాయి.

బ్లేడు తీశాడు. మళ్లీ పక్కన పెట్టాడు. సూదిమొనతో ఒక్కొక్క కుట్టే లేపి, ఎక్కడా తెగనివ్వకుండా దారమంతా బయటికి లాగాడు. లోపల మడతలు పెట్టిన బూడిదరంగు శాలువా. రెండేళ్ల కిందట బస్సులో మరిచిపోయానని ఆమె చెప్పినదే. అణిగి అణిగి అట్టలా అయింది. బయటికి తీసి, అలవాటుకొద్దీ కొలిచాడు. ఒకటిన్నర అంగుళం.

ఆ ఒకటిన్నర అంగుళంతో ఎన్ని ఆదివారాలు నెట్టుకొచ్చిందో! బొత్తాం కుట్టమన్నా విసుక్కునే మనిషి, ఆయన లేని వేళ చూసి ఇంత తోలును పొడిచింది. నొప్పి అని ఒక్క మాటంటే ఈయన ఆ రోజే కారు వదులుకుంటాడని ఆమెకు తెలుసు. తెలిసే అనలేదు. మేస్త్రి శాలువానూ దారాన్నీ పనిబల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, విప్పిన అంచును తన చేత్తో మళ్లీ కుట్టాడు. కొనేవాడెవడూ అక్కడికి వంగి చూడడు. అయినా చీమ వెనక చీమ తప్పకుండా నడిచింది.

నాలుగింటికి బావమరిది నీలిరంగు హాచ్‌బ్యాక్‌లో వచ్చి, అద్దం దించి తల బయటపెట్టాడు.

“ఏం బావా! పంచకల్యాణిని ఇచ్చి గాడిదను తెచ్చుకుంటున్నావని అంతా నవ్వుతున్నారు.”

“ముందు గాడిదను కారులోంచి దిగమను. కారు చూస్తాను.”

బావమరిది పగలబడి నవ్వుతూ దిగి బానెట్ ఎత్తాడు. “చూడు మరి. పైకి పిల్లల్ని బడికి దించే బండి. కడుపులో నిప్పు! పిట్ట కొంచెం, కూత ఘనం. పచ్చ సిగ్నలు పడిందంటే నీ ఎర్రదాన్ని ఏడిపిస్తుంది.”

మేస్త్రి ఇంజనువైపు చూడనే లేదు. టేపు తీసి ముందు పక్కసీటు కొలిచాడు. పంతొమ్మిది.

షెడ్డు వెనకే ఇల్లు. మాటలు విని ఆమె వచ్చింది. నీలికారు తలుపు తీసి, వెనక్కి తిరిగి కూర్చుంది. చేతులు ఎక్కడా ఆనించలేదు. లేచింది. నమ్మకం కుదరనట్టు మళ్లీ కూర్చుంది. అప్పుడు ఆమె చూపు పనిబల్ల మీదికి పోయి శాలువా దగ్గర ఆగింది. మేస్త్రి టేపు చుట్టడంలో మునిగిపోయాడు.

“విడిభాగాలు దొరకలేదన్నారు,” అంది మెల్లగా.

“దొరకలేదు. బస్సులో పోయిన నీ శాలువా మాత్రం దొరికింది.”

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. వంగి చూస్తే నవ్వుతోంది, కళ్లనిండా నీళ్లతో.

“కుట్టు ఎలా ఉంది మేస్త్రీ?”

“ఘోరంగా ఉంది.”

ఏమీ అర్థంకాని బావమరిది, “మీ సరసాలు తర్వాత అక్కా,” అంటూ ఎర్రకారులో కూర్చుని తాళం తిప్పాడు. అది గొంతు సవరించుకున్నట్టు ఒకసారి దగ్గి, గేటు దాటి, వీధి మలుపులో ఒరిగి, కనిపించకుండా పోయింది. చప్పుడు కూడా వినబడనంతవరకూ మేస్త్రి నిలబడ్డాడు. వీడ్కోలుగా ఎత్తబోయిన చేత్తోనే నుదుటి చెమట తుడుచుకున్నాడు. మూలన ఇరవై రెండేళ్ల నూనెచుక్కలు మిగిలాయి.

ఆమె అద్దం దించి జుట్టుకు గుడ్డ చుట్టుకుంది. నీలికారు ఏటిగట్టు వైపు తిరుగుతుండగా, “ఇంకొంచెం తొక్కండి!” అన్న కేక, దాని వెనకే ఇంజను గర్జన వినవచ్చాయి.

ఖాళీ షెడ్డులో, బల్లమీద, శాలువా ఇంకా సీటు ఆకారంలోనే అణిగి ఉంది. దానిమీద తెల్లటి దారం, ఎక్కడా తెగకుండా, కుట్టిన చేతి వంకరలు ఒక్కటీ వదలకుండా.