ఎవరూ వెయ్యని వేషం

పదకొండు గంటలకు మిషన్లు ఆపించి, మూడో లైను ఆడవాళ్ళు పద్నాలుగు మందినీ భోజనాల హాల్లోకి తోలారు. ఈ గంటకు కూలీలో కోత ఉండదని సూపర్‌వైజరు చెప్పాడు గాని, ఈ గంటలో కుట్టాల్సిన చొక్కాలు మాత్రం సాయంత్రం కూర్చుని కుట్టి వెళ్ళాలన్నాడు.

"పెట్టే చెయ్యీ ఆయనదే, గిల్లే చెయ్యీ ఆయనదే" అంది కళ్ళజోడామె.

గుండీలక్క నవ్వలేదు. చొక్కాలకు గుండీలు కుట్టీ కుట్టీ ఆమెకు ఆ పేరే మిగిలింది. ఆమె తోటికోడలు అదే లైనులో కాలర్లు కుట్టేది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఇంట్లో కుళాయి దగ్గర మొదలైన పోట్లాట పక్కలు వేసేదాకా సాగేది. తెల్లారితే మాత్రం ఒకరి జడ ఒకరు వేసుకుని పనికి బయల్దేరేవారు.

నాలుగు నెలల కిందట పై అంతస్తులో, ఇస్త్రీ గదిలో నిప్పు అంటుకుంది. మెట్ల తలుపుకు అవతలి నుంచి తాళం. బట్ట బయటికి పోకుండా రోజూ వేసే తాళమే. వెనక కిటికీలోంచి గుండీలక్కను బయటికి తోసింది తోటికోడలే. తాను రాలేకపోయింది. మొత్తం ఐదుగురు పోయారు. తలుపుకు తాళమే లేదనీ, లోపలికి తెరుచుకునే తలుపును భయంలో వీళ్ళే బయటికి తోశారనీ కంపెనీ అంటోంది. విచారణ ఇంకా సాగుతూనే ఉంది.

పై అంతస్తుకు కొత్తగా సున్నం కొట్టించారు. ఒక్కరూ మెట్లెక్కలేదు. అందుకే భయం పోగొట్టడానికి ఒక కౌన్సిలింగు అమ్మాయిని పిలిపించారు.

కౌన్సిలరు వస్తుందనగానే, "ఓట్లకా?" అన్నారు ఆడవాళ్ళు. కానీ ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. తలా ఒక మట్టిముద్ద ఇచ్చి ఆడుకోమంది. "ఈ వయసులో బొమ్మలాటేంటమ్మా, మనవలు నవ్విపోతారు" అంటూనే గుండీలక్క వేళ్ళు మట్టిని పిసికాయి. చూసేసరికి అది చెయ్యి. తనను తోసిన చెయ్యి. గదిలో అందరిముందూ భోరుమంది. ఆ రాత్రే చాలాకాలానికి ఆమెకు కునుకు పట్టింది. అప్పటినుంచి ఆ అమ్మాయి మాటంటే ఆమెకు గురి.

ఇవాళ నాలుగో వారం. నిప్పు అంటుకున్న రోజును నాటకంలా ఆడి చూడమంది అమ్మాయి. కుర్చీలు రెండు వరుసలు వేసి గది కట్టారు. కళ్ళజోడామె చేతులు చాపి తలుపులా నిలబడింది. ఒకామె ఎర్రగుడ్డ ఊపుతూ మంటైంది. మిగతావాళ్ళు తలుపును తోశారు, అరిచారు, ఏడ్చారు. మూల కుర్చీలో సూపర్‌వైజరు కాగితాల కట్టతో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"చాలా ధైర్యంగా చేశారక్కా" అంది అమ్మాయి, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడు ముగింపు మారుద్దాం. ఈసారి తలుపు తెరుచుకుంటుంది. అందరూ బయటికొస్తారు."

కళ్ళజోడామె పక్కకు జరిగింది. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని బయటికొచ్చారు. కొందరు నిజంగానే గుండెనిండా ఊపిరి పీల్చుకున్నారు.

గుండీలక్క కుర్చీల మధ్యే నిలబడి ఉంది.

"రండక్కా. తెరిచే ఉంది."

"ఎవరు తీశారమ్మా?"

అమ్మాయి తడబడింది. "మీరే అనుకోండి. మీ లోపలి బలం."

"బలానికేం లోటు! ఆ రోజు ఇరవైమందిమి తోశాం. తాళంచెవి లేదు, అంతే."

"ఇది ఆటే కదక్కా. మనసుకు ఊరట కోసం."

"నువ్వు మంచిదానివే తల్లీ. నీవల్ల నాలుగు రోజులు నిద్రపోయాను, కాదనను. కానీ తలుపు తెరుచుకున్నట్టు ఆడితే, మా తోటికోడలు కావాలనే రాకుండా ఉండిపోయినట్టు కాదూ? దాని తప్పే అయినట్టు కాదూ?"

సూపర్‌వైజరు లేచాడు. "అయిపోయిందిగా. సంతకాలు పెట్టి మిషన్ల మీదికి వెళ్ళండి. రేపటినుంచి పైన పని."

కళ్ళజోడామె కాగితం అందుకుని గట్టిగా చదివింది. "నా భయం తగ్గింది. ఆ రోజు తలుపు విషయం భయంలో పొరపాటుగా గుర్తుపెట్టుకున్నానని ఇప్పుడు తెలుసుకున్నాను."

అమ్మాయి ఆ కాగితం లాక్కుని చూసింది. అడుగున తన పేరు కూడా అచ్చువేసి ఉంది. "కోలుకున్నారని రాస్తామన్నారు... ఇది నాకు చూపించలేదు" అని గొణిగింది.

"చూపించడానికేముంది? కంపెనీ ఇచ్చిన జీతమే కదమ్మా మీదీనూ" అన్నాడు సూపర్‌వైజరు.

గుండీలక్క కళ్ళజోడామె వైపు తిరిగింది. "రావే. మళ్ళీ తలుపులా నిలబడు."

ఆమె వచ్చి చేతులు చాపింది.

"సార్, మంటకు మనిషి దొరికింది, తలుపుకూ దొరికింది. తాళంచెవి ఉన్నవాడి వేషమే ఎవరూ వెయ్యలేదు. మీరొచ్చి నిలబడండి."

"నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"పట్టిందనే కదా ఈ అమ్మాయిని తెచ్చారు. రండి, ఆట పూర్తి చేద్దాం. అందాకా నేను సంతకం పెట్టను."

బయటికొచ్చిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎర్రగుడ్డ ఆమె ముందుగా వెనక్కి నడిచి, గుండీలక్క పక్కన నిలబడింది. ఆ వెనక ఇంకొకామె. తర్వాత ఇద్దరు. మిగతావాళ్ళు గోడకానుకున్నారు.

సూపర్‌వైజరు అమ్మాయి వైపు చూశాడు. "మీరైనా చెప్పండి మేడమ్."

అమ్మాయి కాగితం పట్టుకుని కుర్చీల వరుసకు బయట నిలబడి ఉంది. ఆమె కాగితం అడుగున ఉన్న తన పేరు వైపు చూసింది, తర్వాత కుర్చీల మధ్య నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసింది.